సిస్టరమ్మ ఐసు రసం

మొన్న భద్రాచలం బస్టాండులో ఖమ్మం బస్సు కోసం నిలబడి ఉంటే, "అమ్మా, బాగున్నరా?" అని ఎవరో పలకరించారు. తల పూర్తిగా నెరిసిపోయింది కానీ గొంతును బట్టి పోల్చుకున్నాను. ఒకప్పుడు మా ఊరి సర్కారు దవాఖానాలో అటెండరుగా పనిచేసినాయన. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అయ్యాక, బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మన సిస్టరమ్మ పోయిందమ్మా. పదకొండు రోజులైతంది."

ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"ఆఖరికి దవాఖానాల పండుకొని గూడ కొట్లాడిందట. సెలైన్ పెట్టనియ్యలేదట."

"ఎందుకని?"

"సీసా మీద తారీకు సూపిచ్చినాకనే సూది గుచ్చుర్రి అన్నదట. సూపిచ్చేదాక చెయ్యి ఇయ్యలేదట."

అంతమంది మధ్యలో నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. ఒక చావు కబురు చెప్పుకుని ఇద్దరం అలా నవ్వుతూ నిలబడ్డాం. బస్సెక్కి కూర్చున్నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమెకు పేరుంది. దవాఖానా రిజిస్టర్లో, జీతం కాగితాల్లో ఉండేది. ఊళ్లో మాత్రం ఎవరూ వాడలేదు. అందరికీ సిస్టరమ్మ, నాకు అక్క. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. రాస్తే, "నన్నడిగి రాసినవా?" అని ఎక్కడున్నా వచ్చి నిలదీస్తుంది. మంచి మనిషి అని కూడా రాయను. ఆ మాట ఆమెకు నచ్చదు. "మంచిదాన్ని అంటున్నరంటే నాతోని ఏదో తప్పుడు పని చేయించనీకి వచ్చిన్రన్నట్టే" అనేది.

మాది భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా, అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. మా మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొని మిరప వేసిన కుటుంబాల్లో మాదొకటి. నేను కాపురానికి వెళ్లేటప్పటికి మామగారు లేరు. అత్తగారు, మా ఆయన, ఒక లారీ, పెద్ద ఇల్లు. ఆ ఇంటి వెనక భాగంలో రెండు గదులు సిస్టరమ్మకు కిరాయికి ఇచ్చారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సిగ్నల్ కోసం అందరం డాబా ఎక్కేవాళ్లం. ఆమె ఎక్కేది కాదు. "నాతోని పని ఉన్నోళ్లు నడిచి వస్తరు" అనేది.

అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడి కూతురు. పెళ్లయిందా, అయితే ఆయన ఏమయ్యాడు అని మా వీధిలో చాలామంది రకరకాలుగా అడిగి చూశారు. "మీ పిల్లగానికి మూడో డోసు ఏయించిన్రా?" అని ఎదురు అడిగేది. ఆ ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. దాంతో మొదటి ప్రశ్న అక్కడే ఆగిపోయేది.

పొట్టి మనిషి. నడిస్తే మాత్రం పొడుగ్గా కనిపించేది. తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడిచి, ఎండ ఉన్నా లేకపోయినా నల్లగొడుగు పట్టుకుని పోయేది. ఎవరైనా కుర్చీ వేస్తే, పక్కన నిలబడ్డవాళ్లందరికీ కుర్చీలు వచ్చేదాకా కూర్చునేది కాదు. దవాఖానాలో టీకాల పెట్టె తాళంచెవి ఆమె మెడలో నల్లదారానికి వేలాడేది. పెట్టె అంటే, మూత పైకి తెరుచుకునే పెద్ద ఫ్రిజ్జు. కరెంటు పోయినా లోపలి చల్లదనం గంటల తరబడి నిలుస్తుంది. రోజుకు రెండుసార్లు దాంట్లో ఎన్ని డిగ్రీలుందో చూసి గోడకున్న కాగితం మీద రాసేది. ఆదివారం కూడా పొద్దున్నే వెళ్లి రాసొచ్చేది.

కోపం ఎక్కువ. ఒకసారి వారం ఆలస్యంగా వచ్చిన ఒక తల్లిని అందరి ముందూ ఎంత తిట్టిందంటే, ఆ పిల్ల ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ పిల్ల కూలి మానుకుని ఏడు మైళ్లు నడిచి వచ్చిందని తర్వాత తెలిసింది. సిస్టరమ్మ క్షమించమని అడగలేదు. మర్నాడు గొడుగేసుకుని ఆ ఏడు మైళ్లూ తను నడిచి వెళ్లి, టీకా వేసి వచ్చింది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు అంతవరకే చేతనవును.

ఐసు రసం సంగతి చెప్పాలి.

ఇల్లందు నుంచి వచ్చేటప్పుడు ఒక పాత ఫ్రిజ్జు తెచ్చుకుంది. ఒకే తలుపు. పైన ఐసు పెట్టుకునే అర ఒకటి, అందులో ఒక్క పళ్లెం పడుతుంది. ఎండాకాలం వస్తే గోదావరి ఇసుకలో పండిన పుచ్చకాయలు మా ఊరికి బండ్ల మీద వచ్చేవి. సాయంత్రం డ్యూటీ అయ్యాక ఒక కాయ చంకన పెట్టుకుని వచ్చేది. ముక్కలు కోసి, గింజలు ఏరి, పప్పుగుత్తితో మెదిపేది. మిక్సీ ఇస్తానంటే వద్దనేది. "నురుగొస్తది, రుచి పోతది" అని. కాచి చల్లార్చిన నీళ్లలో చక్కెర కరిగించి అందులో పోసేది. ఒక నిమ్మకాయ, చిటికెడు ఉప్పు. అంతా కలిపి అంచులున్న వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి పై అరలో పెట్టేది. అరగంటకోసారి తీసి, అంచుల దగ్గర కట్టిన మంచును ముళ్ల చెంచాతో గీకి మధ్యలోకి లాగేది. అలా మూడు నాలుగు సార్లు. చక్కెర తక్కువైతే రాయిలా గడ్డకడుతుంది, ఎక్కువైతే అసలు గట్టిపడనే పడదు. సరిగ్గా కుదిరితే పళ్లెం నిండా ఎర్రటి రవ్వలాగా తయారయ్యేది. గ్లాసులో వేసి పైన కాస్త రసం పోస్తే సగం తినేది, సగం తాగేది.

చెప్పినంత సులువు కాదు. రోజూ కరెంటు కోత. ఏ పూట ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఆమెకు నోటికొచ్చు. కరెంటు లేని వేళ ఆ ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చేది. బజారులో దొరికే ఐసుగడ్డ వాడొచ్చుగా అంటే, "గది చేపలకు. మనుషులకు గాదు" అనేది. కుదరని రోజులూ ఉండేవి. ఒకసారి నేరేడు పళ్లతో చేసింది. సగం పండినవి పడ్డాయి. నోట్లో పెట్టుకుంటే నాలుక చెక్కలా అయిపోయింది. మేమందరం మొహాలు ముడుచుకుని కింద పెట్టేస్తే, "మంచిగనే ఉన్నది, మీకే తెల్వదు" అని పళ్లెం మొత్తం ఒక్కతే తినేసింది. రెండు రోజులు ఆమె పళ్లు ఊదారంగులో ఉన్నాయి.

నాకు ఆ రసం అవసరపడింది నా కడుపులో మా అమ్మాయి మూడో నెలలో ఉన్నప్పుడు. మే నెల. అన్నం సంగతి అలా ఉంచి, మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. నీళ్ల గ్లాసు చూస్తేనే తిప్పేది. అప్పటికే రెండుసార్లు భద్రాచలం తీసుకెళ్లి సెలైన్ పెట్టించారు. తిరిగొచ్చిన మర్నాటి నుంచి మళ్లీ అదే. అత్తగారు అల్లం కషాయం కాచి పోస్తుండేది, నేను బయటికి తీస్తుండేదాన్ని. పాపం ఆవిడకీ ఏం చేయాలో తోచలేదు.

ఆ సాయంత్రం సిస్టరమ్మ గొడుగు కూడా మూయకుండా నేరుగా నా గదిలోకి వచ్చింది. నా ముంజేతి మీద తోలు రెండు వేళ్లతో పైకి లాగి వదిలింది. అది లేచింది లేచినట్టే ఉండిపోయింది. గబగబా తన గదిలోకి వెళ్లి, గ్లాసులో ఎర్రటి మంచు రవ్వతో తిరిగొచ్చింది.

అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"వద్దమ్మా నర్సమ్మా. కడుపుతో ఉన్న పిల్లకి ఐసేవిటి? లోపల బిడ్డకి నిమ్ము చెయ్యదూ?"

"బిడ్డకు నిమ్ము రాదు పెద్దమ్మా. ఈ పిల్ల ఎండిపోతె మాత్రం బిడ్డ గూడ ఎండిపోతది."

"మేం పిల్లల్ని కనలేదా? మాకెవరు పెట్టారు ఐసులు?"

"పెట్టలే. గందుకే ఎంతమంది పోయిన్రో మీకు నాకన్న బాగ తెలుసు."

అత్తగారి మొహం మాడిపోయింది. ఆవిడ పెద్ద చెల్లెలు నెల తప్పి ఆరు వారాలు వాంతులై పోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. సిస్టరమ్మకు తెలిసే అన్నదో, తెలియక అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి అని ఉంటే ఆ మాట చాలా కఠినమైన మాట.

అయినా అత్తగారు గుమ్మం వదలకుండానే అడిగింది. "ఏదన్నా అయితే పూచీ ఎవరిది?"

"నాదే. రాసియ్యమంటవా?"

అత్తగారు పక్కకి జరిగింది. గదిలోంచి మాత్రం పోలేదు.

సిస్టరమ్మ మంచం అంచున కూర్చుని ఒక చెంచా నా నోట్లో పెట్టింది. "మింగకు. నాలుక మీద ఉంచు. అదే పోతది."

ఆ చల్లదనం నాలుక మీద కూర్చుని మెల్లగా కరిగింది. తీపి తెలియకముందే ఉప్పు తెలిసింది, తర్వాత నిమ్మకాయ పులుపు, చివరికి పుచ్చకాయ. గొంతులో దిగుతున్నది నీళ్లేనని నా కడుపుకి తెలియనే లేదు. ఆమె చేతి గడియారం చూసుకుంటూ కూర్చుంది. పది నిమిషాలకు ఇంకో చెంచా. మళ్లీ పది నిమిషాలకు ఇంకోటి. మధ్యలో నేను ఆత్రపడి గ్లాసు అందుకోబోతే వెనక్కి లాక్కుంది. పొద్దు వాలేసరికి అరగ్లాసు నాలోపల ఉండిపోయింది. ఎన్నో రోజుల తర్వాత లోపలికి పోయింది లోపలే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు" అన్నది సిస్టరమ్మ. "ఇంత కష్టపడి పోసిన నీళ్లు కండ్లకెల్లి బయటికి తీస్తవా?"

ఆ తర్వాత నెల రోజులు రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ గ్లాసు వచ్చేది. ఆమెకు డ్యూటీ ఉంటే, పళ్లెం సిద్ధం చేసి పెట్టి, మధ్యలో ఒక పావుగంట పరుగున వచ్చి ఇచ్చి పోయేది. రోజూ నాలుగింటికి అత్తగారు కూడా గుమ్మంలోకి వచ్చేది. వీధి వీధంతా వినేలా, "నేను వద్దంటూనే ఉన్నాను, ఏదన్నా అయితే నర్సమ్మదే పూచీ!" అనేది. "అవ్, నాదే" అని లోపల్నుంచి జవాబు. ఒక్కరోజు కూడా ఇద్దరిలో ఒకరు తగ్గలేదు. నేను మెల్లగా కోలుకున్నాను. ఐసు వల్ల కాదు, మూడో నెల దాటడం వల్ల తగ్గిందని అత్తగారు తీర్మానించింది.

టీకాలు వేసే బుధవారాల్లో ఆమె ఇంకో పని చేసేది. అది బీడీలకు తునికాకు కోసే కాలం. అడవి పల్లెల నుంచి కోయ ఆడవాళ్లు తెల్లవారుజామునే ఆకు కోసి, కట్టలు కట్టి, ఆ ఎండలో పిల్లల్ని ఎత్తుకుని టీకాలకు నడిచి వచ్చేవాళ్లు. ఆమె ఐసు రసాన్ని టిఫిన్ క్యారేజీలో పోసి, పాత దుప్పటి చుట్టి ఇంటి నుంచి దవాఖానాకు తీసుకెళ్లేది. టీకా అయ్యాక ఒక్కో తల్లికి మోదుగాకు దొప్పలో రెండు చెంచాలు. పిల్లలకు దాహమవుతుంది, ముందు వాళ్లకివ్వమని ఎవరో అంటే, "పిల్లగాని మోసినోళ్లకు దూప కాదా?" అన్నది. మా వీధిలో కొందరికి ఇది గిట్టలేదు. గిట్టలేదని ఆమెతో చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆ రోజుల్లోనే సీసాల గొడవ జరిగింది. నేను చూడలేదు. అటెండరు చెప్పాడు, ఆమె చెప్పింది. రెండింటికీ పెద్దగా తేడా లేదు, తన అరుపుల్ని ఆమె కాస్త తగ్గించి చెప్పింది, అంతే.

మా ఊళ్లో తునికాకు కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. మాలాగే కోస్తా నుంచి వచ్చినవాళ్లు, మాకు దూరపు చుట్టరికం కూడా. మా లారీ ఆయన ఆకు కట్టలే మోసేది. ఒకరోజు ఆయనకు హైదరాబాదు నుంచి ముఖ్యమైన చుట్టాలు వచ్చారు. కరెంటు పొద్దున్నుంచీ లేదు. ఊరంతటికీ చల్లగా ఉన్నది టీకాల పెట్టె ఒక్కటే. డాక్టరు గారు ఆ రోజు లేరు. సిస్టరమ్మ ఒక కాన్పు కోసం పక్క పల్లెకు వెళ్తూ, టీకాలు పంపాల్సి వస్తే అని తాళంచెవి అటెండరు చేతికి ఇచ్చింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి, డజను సీసాలు చూపించి, పెట్టమన్నాడు. అటెండరు కాదనలేకపోయాడు. ఏం సీసాలో నేను రాయను.

ఆమె తిరిగొచ్చి డిగ్రీలు చూస్తే ఎనిమిది దాటకూడని ముల్లు పదకొండు మీద ఉంది. మూత తీస్తే టీకా డబ్బాలు ఒక మూలకు నెట్టేసి, సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. పెట్టె ముందు కింద కూర్చుని ఒక్కొక్క టీకా సీసా తీసి చూసింది. పోలియో చుక్కల సీసా మీద చిన్న తెల్ల చదరం ఉంటుంది, వేడి తగిలితే అది నల్లబడుతుంది. కొన్ని నల్లబడ్డాయి. వాటిని వేరు చేసి, పాడైనట్టు రాసింది. తర్వాత ఆ డజను సీసాలనూ తీసుకెళ్లి దవాఖానా మెట్ల మీద, నడి ఎండలో, వరసగా నిలబెట్టింది.

సాయంత్రం కాంట్రాక్టరు స్వయంగా వచ్చాడు. దారిన పోయేవాళ్లంతా ఆగారు.

"ఏమ్మా సిస్టరూ, నాలుగు సీసాలకేనా ఇంత రాద్ధాంతం?"

"అవ్. నాలుగు సీసాలకే."

"అది గవర్నమెంటు ఫ్రిజ్జు. మీ పుట్టింటివాళ్లు పెట్టింది కాదు."

"మా పుట్టింటోళ్లదే అయితే పోనీ అందును. గది పోరగాండ్లది."

ఆయన ఇంకేదో అనబోయి, చుట్టూ చూసి, వెళ్లిపోయాడు. సీసాలు తీసుకెళ్లడానికి కూడా ఎవరూ రాలేదు. రెండు రోజులు ఆ మెట్ల మీదే ఉన్నాయి.

జూలైలో, వానలు మొదలయ్యాక, కాగితం వచ్చింది. స్టాఫ్ నర్సు సర్కారు టీకాల ఫ్రిజ్జులో సొంతానికి ఐసు, పళ్ల రసాలు తయారు చేసి పంచుతోందని ఫిర్యాదు. విచారణకు పైనుంచి ఒక ఆఫీసరు వస్తున్నాడు. ఫిర్యాదు ఎవరిదో అందులో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అబద్ధం చాలా తెలివిగా అల్లారు. బుధవారాల్లో దవాఖానా దగ్గర ఐసు తిన్నారా అని అడవి పల్లెల ఆడవాళ్లను ముందే అడిగి పెట్టుకున్నారు. వాళ్లు నిజమే చెప్పారు. "తిన్నం. మంచిగున్నది" అని.

విచారణ ముందురోజు మా ఆయన నాతో అన్నాడు. "మన లారీ ఆయన దగ్గరే తిరుగుతోంది. ఎవరన్నా అడిగితే నువ్వేమీ చూడలేదు. నీకెందుకు?"

నేను తలూపాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. నా కడుపులో బిడ్డ ఆమె చెంచాలతో నిలిచింది. అయినా తలూపాను. అప్పుడు నాకు ఇరవై ఒకటి. వయసు ఒక సాకు కాదని తెలుసు.

అత్తగారు వంటింట్లో బియ్యం ఏరుతూ ఉంది. విన్నదో లేదో తెలియలేదు. మర్నాడు పొద్దున్నే తలంటుకుని, అంచు చీర కట్టుకుని, నా గది ముందు నిలబడింది.

"పద."

"ఎక్కడికి అత్తయ్యా?"

"దవాఖానాకి. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నీ కడుపు కనపడితే చాలు."

మా ఆయన వీధి గుమ్మం దగ్గర ఏదో చెప్పబోయాడు. "నువ్వు లారీ చూసుకో నాయనా" అని ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

దవాఖానా వరండాలో బల్ల వేసి ఉంది. ఆఫీసరు, డాక్టరు గారు, ఒక గుమాస్తా. కాంట్రాక్టరు పక్కన కుర్చీలో ఉన్నాడు, ఏ హోదాలోనో ఎవరూ అడగలేదు. సిస్టరమ్మ నిలబడి ఉంది. అటెండరు గోడవైపు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి సిస్టరమ్మ కనుబొమ్మలు ముడిచింది. ఎందుకొచ్చారు అన్నట్టు.

"మీరెవరమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఈవిడ అద్దెకున్న ఇల్లు మాది. ఆ ఐసు సంగతి చెప్పడానికొచ్చాను."

"చెప్పండి. ఈమె ఐసు తయారు చెయ్యడం మీరు చూశారా?"

"చూడ్డవేవిటి బాబూ, నెలరోజులు రోజూ నాలుగింటికి దెబ్బలాడాను. మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

"అది గవర్నమెంటు ఫ్రిజ్జులో..."

"ఆవిడ ఫ్రిజ్జు మా వంటింటి గోడకి అవతల ఉంది. దాని రొదకి నాకు పగలు కునుకు పట్టదు. ఇదుగో, ఈ పిల్లకి కడుపులో నీళ్లు నిలవకపోతే ఆ ఫ్రిజ్జులోనే చేసి పోసింది. ఇక్కడ ఆడవాళ్లకి పెట్టిందీ అదే. మా ఇంట్లోంచి దుప్పటి చుట్టుకుని మోసుకొచ్చేది. ఆ దుప్పటి కూడా నాదే, అడక్కుండా తీసుకుంది."

వరండా చివర చేరిన జనంలోంచి నవ్వులు వినిపించాయి. కాంట్రాక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. "పిన్నిగారూ, మీకెందుకండీ ఈ గొడవ? మీరే కదా ఆవిడ చేసేది తప్పని ఊరంతా చెప్పారు?"

"తప్పేనయ్యా. చూలాలికి ఐసు పెట్టడం తప్పని ఇప్పుడూ అంటాను. మొండిది, ఎవరి మాటా వినదు, పెద్దంతరం చిన్నంతరం లేదు. అవన్నీ అంటాను. దొంగ అంటే మాత్రం ఊరుకోను."

గుమాస్తా రాయడం ఆపి ఆఫీసరు వైపు చూశాడు. "రాయండి" అన్నాడు ఆఫీసరు. అప్పుడు నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, "నేనూ సంతకం పెడతానండీ" అన్నాను. కాంట్రాక్టరు నా మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ తర్వాత అటెండరు గోడ వైపు నుంచి తిరిగి, "సార్, సీసాలు పెట్టింది నేను" అన్నాడు. ఎవరు పెట్టమన్నారో కూడా చెప్పాడు.

అంతా అయ్యాక ఆఫీసరు గొంతు తగ్గించి, మంచిగానే చెప్పాడు. "చూడమ్మా, ఫిర్యాదు నిలవదు. అయినా పైకి ఏదో ఒకటి పంపాలి. ఇకముందు ఇలా చేయనని ఒక ముక్క రాసివ్వు, ఫైలు మూసేద్దాం."

"ఏది చేయనని రాయాలె సార్?" అన్నది సిస్టరమ్మ. "పండ్ల రసం మా ఇంట్ల చేసిన. మళ్ల చేస్త. సీసాలు ఎండల పెట్టిన. రేపు ఎవలన్న పెడితె మళ్ల తీస్త. ఏది చేయనంటరో చెప్పుర్రి, రాస్త."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం కలిసే నడిచాం. వాన తుంపర పడుతోంది. సిస్టరమ్మ తన గొడుగు మా అత్తగారి మీద పట్టింది. థాంక్స్ చెప్పలేదు. "దుప్పటి అడిగితె ఇయ్యరని అడగలే" అన్నది. "ఇచ్చేదాన్ని కాదు" అన్నది అత్తగారు.

వారం తిరక్కుండా మా లారీని కాంట్రాక్టరు తీసేశాడు. మా ఆయన పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఇల్లందు వైపు బొగ్గు కిరాయిలు దొరికాయి. ఫిర్యాదు కొట్టేశారు. నెల తర్వాత సిస్టరమ్మకు బదిలీ కాగితం వచ్చింది. కారణం రాయలేదు. అడవిలో ఇంకా లోపలికి, రోజుకు రెండే బస్సులు పోయే ఊరు.

ఊళ్లో పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు, కాంట్రాక్టరును ఒక్కమాట అడిగితే ఆపించేస్తాడని. ఆమె ఫ్రిజ్జు తుడుస్తూ ఉంది, తల కూడా తిప్పలేదు. "ఆ ఊళ్ల పిల్లలు పుట్టరా? ఆడ టీకాలెయ్యొద్దా? నన్ను శిక్షించినం అని వాళ్లనుకుంటె అనుకోనియ్యి. నాకు గట్ల అనిపిస్తలేదు" అన్నది. వాళ్లు కూర్చోకుండానే వెళ్లిపోయారు.

ఆమె వెళ్లాల్సిన రోజు బుధవారం పడింది. కొత్త నర్సు అప్పటికే వచ్చి చేరింది, సామాను ట్రాలీ ఆటోలో పొద్దున్నే పోయింది. అయినా మూడు గంటల బస్సు దాకా టీకాలు తనే వేస్తానని కూర్చుంది. నాకు ధనుర్వాతం టీకా వేయించుకోవాల్సి ఉంది. నేనూ వరసలో నిలబడ్డాను. నా ముందు పదిమందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది అడవి పల్లెల వాళ్లే.

అప్పుడొచ్చింది కాంట్రాక్టరు జీపు. పురుటికి ఖమ్మంలో పుట్టింటికి వెళ్లిన కోడలు బిడ్డతో వచ్చి వారమైంది. ఆ ఇంట్లో మొదటి మనవడు. కాంట్రాక్టరు జీపు దిగి గుమ్మం దాకా వచ్చాడు.

"మా వాళ్లని ముందు చూసి పంపించు సిస్టరూ. పసివాడు, ఉక్కకి ఆగడు."

ఆమె సిరంజిలోకి మందు ఎక్కిస్తూనే అన్నది. "లైన్ల ఉన్నోళ్ల చేతులల్ల ఉన్నది గూడ పసోళ్లే సార్. లైన్ల రమ్మనుర్రి."

కోడలు మామగారి వైపు చూడలేదు. బిడ్డను భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది. "మీ తర్వాత నేనేనా వదినా?" అని అడిగింది. ఆయన జీపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఒక్కొక్కరే తగ్గుతుంటే అరగంట పైనే పట్టింది. ఈలోగా ఆ అమ్మాయి వెనకా ఇంకో నలుగురైదుగురు చేరారు.

తన వంతు వచ్చేసరికి బిడ్డ నిద్రపోయాడు. సిస్టరమ్మ మెల్లగా కాలు పట్టుకుని, తొడ తుడిచి, సూది వేసింది. బిడ్డ కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు వినగానే కాంట్రాక్టరు పరుగులాంటి నడకతో లోపలికి వచ్చేశాడు. మనవడి మొహం చూశాడు, ఆమె చేతిలో ఖాళీ సీసా చూశాడు. ఆ మనిషి గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"మందు... మంచిదేగా సిస్టరూ?"

ఆమె సూదిని డబ్బాలో పడేసి, దూది మీద వేలు నొక్కిపట్టి, మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది.

"సీసాలు లోపట ఉన్న నాడు అడిగితె నాకు తెల్వదు అందును. ఇయ్యాల మంచిదే. జ్వరమొస్తది, భయపడకుర్రి. జ్వరానికి ఈ చుక్కలు పొయ్యుర్రి. ఇగ పిల్లగాని ఎత్తుకోండ్రి."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా. ఆయన చుక్కల సీసా తీసుకున్నాడు, మనవణ్ణి ఎత్తుకున్నాడు, బయటికి నడిచాడు.

సిస్టరమ్మ అప్పటికే కొత్త సిరంజి కాగితం చింపుతోంది.

"ఇంకెవరున్నరు? జల్దీ రండ్రి, నాకు బస్సు టైమైతంది."